కట్నాల పుస్తకంలో నా పేరు

కట్నాలు రాస్తున్న పెద్దాయన కళ్ళజోడును ముక్కు కొసకు జార్చి నా వైపు చూశాడు. "అమెరికా నుంచి వచ్చి వెయ్యి నూట పదహార్లేనా బిడ్డా?" అన్నాడు. అందులో వెటకారం లేదు. సరిగ్గా విన్నానా లేదా అని తేల్చుకోవడానికి అడిగినట్టే అడిగాడు. నా వెనుక వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి "అంతే రాయండి పెద్దబాపూ" అన్నాను. ఆయన రాశాడు. ఆ తరువాత విస్తరి ముందు కూర్చున్నాను కానీ ఏం తిన్నానో గుర్తు లేదు.

ఇది 2025 ఫిబ్రవరిలో, హనుమకొండ హంటర్ రోడ్డులోని ఒక ఫంక్షన్ హాలులో, మా మేనత్త కూతురి పెళ్ళిలో జరిగింది. (కోస్తా వైపు పాఠకులు కంగారు పడవద్దు. మా వైపు చదివింపులను కూడా కట్నమనే అంటాం.) మూడున్నరేళ్ళ తరువాత ఇంటికి వచ్చాను. అమ్మ ఒడిబియ్యం పోసింది, అత్తలు చీరలు పెట్టారు, అందరూ నన్ను "డాక్టర్ భార్య" అని పరిచయం చేశారు. ఆ 1,116 మాత్రం నాతో పాటు విమానమెక్కి అమెరికాలో మేముండే ఒహాయో దాకా వచ్చింది. పది నెలలైంది, ఇంకా పోలేదు. అందుకే ఎవరూ అడగకపోయినా సంజాయిషీ చెప్పుకుంటున్నాను.

ముందుగా, నేను డాక్టర్ భార్యను కాను, వైద్య విద్యార్థి భార్యను. మా ఆయన పన్నెండేళ్ళ వయసులో కరీంనగర్ నుంచి తల్లిదండ్రులతో అమెరికా వెళ్ళి అక్కడే పెరిగాడు. అక్కడ ముందు నాలుగేళ్ళ డిగ్రీ, ఆ తరువాతే నాలుగేళ్ళ వైద్య విద్య. అది 2022 ఆగస్టులో మొదలైంది. ఇది ముగిశాక కనీసం మూడేళ్ళ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ, ఉంటుంది. అందులో వారానికి 80 గంటలు దాటకూడదని నియమం పెట్టారంటే అసలు పని ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. చేతి నిండా సంపాదన వచ్చేసరికి మా మేనత్త కూతురి పిల్లలు బడికి వెళుతుంటారు.

ఇక నేను. కాకతీయ విశ్వవిద్యాలయంలో బి.ఫార్మసీ చదివాను. నాలుగేళ్ళ చదువు. 2003 తరువాత పట్టా పుచ్చుకున్న విదేశీయులైతే ఫార్మసీ చదువు కనీసం ఐదేళ్ళదై ఉండాలని అక్కడి నియమం. ఒక్క ఏడాది తక్కువైనందుకు నేను ఫార్మసిస్టును కాలేకపోయాను, ఫార్మసిస్టుకు సహాయకురాలిగా పనిచేసే టెక్నీషియన్ పరీక్ష రాసి మందుల దుకాణం కౌంటరు వెనుక మాత్రలు లెక్కపెడుతున్నాను. గంటకు పద్దెనిమిదిన్నర డాలర్లు. పన్నులు, ఇద్దరి ఆరోగ్య బీమా పోగా నెలకు 2,400 చేతికి వస్తుంది. ఆయన కాలేజీ బీమా వద్దని రాసిచ్చి నా ఉద్యోగపు బీమాలోకి రావడం మా కాపురంలో మేము చేసిన మొదటి తెలివైన పని.

మిగతాదంతా అప్పే. కాలేజీవాళ్ళు ఏడాదికి విద్యార్థికి ఎంత ఖర్చవుతుందో ఒక లెక్క వేస్తారు. ఫీజు, అద్దె, తిండి, పుస్తకాలు, బస్సు ఖర్చు అన్నీ అందులో ఉంటాయి. ఆ లెక్క దాటి కేంద్ర ప్రభుత్వపు విద్యా రుణం పుట్టదు. మొదటిసారి ఆ కాగితం చదివినప్పుడు నా పేరు కోసం వెతికాను. లేదు. తిండి ఒక్కరికే, మంచం ఒక్కరికే. పెళ్ళాం తినే అన్నం ఆ లెక్కలోకి రాదు. రుణ కార్యాలయంలో ఉన్నావిడ చాలా మర్యాదగా "ఇది విద్యార్థికి మాత్రమే" అంది. ఆమె మీద కోపం లేదు. కానీ ఒక మనిషి బతుకు ఖర్చును భార్య లేకుండా లెక్కవేయవచ్చన్న ఆలోచన మన తహసీల్దారుకు కూడా రాదు. రేషన్ కార్డు మీద కూడా ఇంట్లో ఎందరుంటే అన్ని పేర్లు ఉంటాయి.

ఆ అప్పు డబ్బు జీతంలా రాదు. ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి వస్తుంది. కాలేజీ తన ఫీజు తాను పట్టుకుని మిగిలినది మా ఖాతాలో వేస్తుంది. మొదటి ఏడాది ఆగస్టులో ఒకేసారి ఎనిమిది వేల డాలర్లు పడేసరికి మేము రాజులమైపోయాం. సోఫా కొన్నాం. స్నేహితుల పెళ్ళికి చికాగో వెళ్ళాం. నవంబరుకు ఖాతాలో మిగిలింది నాలుగు వందలు. డిసెంబరు అద్దె నా జీతంలోంచి కట్టి, ఆ నెలంతా పచ్చిపులుసు, కోడిగుడ్లతో గడిపాం. మా ఆయన నివ్వెరపోయాడు. ఇద్దరు ఉద్యోగస్థుల ఇంట్లో పెరిగినవాడు. రెండు వారాలకొకసారి డబ్బు రావడమనేది సూర్యుడు ఉదయించడం లాంటిదని అతని నమ్మకం.

నాకు మాత్రం సిగ్గేసింది. ఎందుకంటే నాకు తెలిసి ఉండాల్సింది. నేను నర్సంపేట దగ్గర పత్తి, మిర్చి పండించే ఇంటి పిల్లను. పంట డబ్బు ఏడాదికి ఒకసారి ఎలా వస్తుందో, అది మళ్ళీ పంట దాకా ఎలా సాగాలో చూస్తూ పెరిగాను. ఏనుమాముల మార్కెట్ నుంచి బాపు తక్‌పట్టీ (పంట అమ్మిన చీటీ) పట్టుకుని వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ ఏమీ అడిగేవాళ్ళం కాదు. ముందు అడ్తిదారు (పంట అమ్మిపెట్టి, అప్పులిచ్చే మార్కెట్ వ్యాపారి) బాకీ, తరువాత విత్తనాల దుకాణం, తరువాత కూలీలవి, ఆ పైన బియ్యం. మిగిలింది అమ్మ చేతికి వెళ్ళేది, అమ్మ దాన్ని నెలల వారీగా మూటలు కట్టేది. పండగ చీర ఏ మూటలోంచో అమ్మకు మాత్రమే తెలుసు.

రెండో ఏడాది నుంచి నేను అదే చేశాను. అప్పు డబ్బు పడగానే వేరే ఖాతాలోకి నెట్టి, అయిదు భాగాలు చేసి, ఒకటో తారీఖున ఒక భాగాన్ని మాకు మేమే జీతంగా ఇచ్చుకుంటున్నాం. ఆ తరువాత కాలేజీలో డబ్బు జాగ్రత్తల మీద ఒక ఉపన్యాసం పెట్టారు. అందులో ఒకాయన తెర మీద బొమ్మలు వేసి ఇదే చెప్పాడు. మా ఆయన ఇంటికి వచ్చి ఎంతో ఆసక్తిగా వివరిస్తుంటే నేను వింటూ గిన్నెలు తోముతున్నాను. ఆ రోజు గిన్నెలు కొంచెం గట్టిగానే చప్పుడు చేశాయనుకుంటాను.

ఆయనకు కంప్యూటర్‌లో పట్టిక, నాకు ఎర్ర అట్ట పుస్తకం. అద్దె 950. ఒకటే కారు, అది కూడా పాతది. బియ్యం, పప్పు ఇండియన్ దుకాణంలో, మిగతావి ఆల్డీ అనే చవక దుకాణంలో. 2025 మొదట్లో కోడిగుడ్ల ధర మండిపోయినప్పుడు ఆ మాట కూడా పుస్తకంలో రాశాను. ఆయన రాసే డాక్టరు లైసెన్సు పరీక్షల ఫీజు ఒక్కొక్కటి ఆరు వందలు దాటుతుంది, దానికి వేరే పేజీ. తెలుగువాళ్ళ పిల్లల పుట్టినరోజులకు నెలకు 25, ఒక్క పుట్టినరోజుకే. రెండోది వస్తే ఆయనకు డ్యూటీ ఉందని చెబుతాం, చాలాసార్లు నిజంగానే ఉంటుంది. "ఊరి శుభకార్యాలు" అని ఒక వరుస ఉంది. ఏడాదికి 40 డాలర్లు. పెళ్ళికి వెళ్ళేనాటికి అందులో మిగిలింది 13. ఆ పదమూడే 1,116 అయింది.

ఇదీ నా సంజాయిషీ. ఇది ఆ పెద్దాయనకు వరుసలో నిలబడి చెప్పగలిగేది కాదు.

కానీ నన్ను తొలిచేది అది కాదని రాస్తుంటే తెలుస్తోంది. అసలు చిరాకు అక్కడివాళ్ళ నిశ్చింత మీద. రుణం వెబ్‌సైటులో మా అప్పు ఇప్పుడు వడ్డీతో కలిపి 2,20,000 డాలర్లు చూపిస్తోంది. రూపాయల్లోకి మార్చి బాపుకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ అంకె పక్కనే "ఈ నెల మీరు చెల్లించవలసింది: 0" అని ఉంటుంది. చదువు అయ్యేదాకా అడగరు, వడ్డీ మాత్రం ఏ రోజుకారోజు పెరుగుతుంది. మా ఆయన దాన్ని వాతావరణ సూచన చూసినట్టు చూసి మూసేస్తాడు. ఆయన తోటివాళ్ళూ అంతే. అప్పు చేసి చదివిన వైద్య విద్యార్థికి పట్టా నాటికి రెండు లక్షల డాలర్ల చుట్టూ బాకీ ఉండటం అక్కడ మామూలు. భోజనాల దగ్గర అంకెలు ఒకరితో ఒకరు చెప్పుకుంటారు కూడా! మా ఊళ్ళో ఇంట్లో ఉన్న రోగం పేరైనా బయటికి చెబుతారు కానీ బాకీ అంకె చెప్పరు.

వడ్డీ సంగతి మా తాతకు ఫోనులో చెప్పాను ఒకసారి. 2024లో తీసుకున్న విడతలో సగం డబ్బు "ప్లస్" అనే రకం, ఏడాదికి 9.08 శాతం. శాతాలు తాతకు పట్టవు. నెలకు నూటికి 76 పైసలు అన్నాను. కాసేపు మాట లేదు. "రూపాయి కూడా కాదా? పుణ్యాత్ములు" అన్నాడు. అయితే ముందే కోత పెడతారని చెప్పాను. పది వేలు రాసుకుంటే చేతికి 9,577 వస్తుంది, వడ్డీ మాత్రం పది వేల మీద. "ఆ, అది చెప్పు" అని ఊపిరి పీల్చుకున్నాడు. ఎక్కడైనా అప్పిచ్చేవాడు అప్పిచ్చేవాడేనని ఆయనకు ధైర్యం వచ్చింది.

అప్పిచ్చిన మనిషి ఎదురుగా ఉంటే, నా కొత్త చీర చూసి "బాగుంది బిడ్డా" అని అతను అంటే, ఆ మాటలోనే వసూలు ఉంటుంది. ఆ సిగ్గే మమ్మల్ని అదుపులో పెట్టిందని, ముఖం లేని అప్పు మనిషిని పాడు చేస్తుందని మా ఆయనతో చాలాసార్లు వాదించాను. వాదన నాదే గెలిచేది, 2023లో రుణ పత్రాలు మళ్ళీ చదివేదాకా. అందులో ఒక వాక్యం ఉంది: రుణం తీసుకున్న మనిషి చనిపోతే రుణం రద్దవుతుంది. భార్య మీదకు రాదు.

ఆ వాక్యం మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. పత్తికి లద్దె పురుగు పట్టిన 1997-98లో వరంగల్ పల్లెల్లో రైతులు పురుగుల మందు తాగి చనిపోయారు. అప్పటికి నాకు మూడేళ్ళు, గుర్తు లేదు. కానీ మా వీధి చివరి ఇంటి పెద్దమ్మ గుర్తుంది. ఆమె భర్త పోయాక ఆయన బాకీ పన్నెండేళ్ళు తీర్చింది. కూలికి వెళుతూ మా ఇంటి ముందు నుంచే పోయేది. సిగ్గు అదుపులో పెట్టిన మాట నిజమే, ఆమెను కూడా పెట్టింది.

అలాగని అక్కడి పద్ధతికి దండం పెట్టేదాన్ని కాదు. రెసిడెన్సీ మొదలయ్యాక వాయిదాను ఆదాయాన్ని బట్టి కడతారు. మేము పన్ను పత్రం కలిపి దాఖలు చేస్తే నా జీతం కూడా ఆ ఆదాయంలో పడి వాయిదా పెరుగుతుంది. అన్నం లెక్కలో లేని భార్య వసూలు లెక్కలోకి మాత్రం వస్తుందన్నమాట. ఇకపై విడివిడిగా దాఖలు చేయాలా అని ఇప్పుడు కూర్చుని కూడుతున్నాం. ఆ ప్లస్ రుణమైతే 2026 జూలై నుంచి కొత్తవాళ్ళకు ఉండదు. పై అంతస్తులో వచ్చే ఏడాది చేరబోయే జంట ఒకటి ఉంది, ఆ అమ్మాయి ఎర్ర పుస్తకం ఎక్కడ కొన్నానని అడిగింది.

పెళ్ళయిన రెండు వారాలకు మేనత్త ఫోను చేసింది. కట్నాల పుస్తకం ముందు పెట్టుకుని అందరికీ చేస్తోందట. "మీ ఖర్చుల్లో మీరుండి కూడా ఐదు వేల నూట పదహార్లు పెట్టావు, అంత ఎందుకు బిడ్డా" అంది. నేను వెయ్యి అనబోయి ఆగాను.

అమ్మను అడిగితే రెండు రోజులు దాటేసి మూడో రోజు చెప్పింది. నేను భోజనానికి వెళ్ళాక బాపు ఆ పెద్దాయన దగ్గర కూర్చుని నా పేరు ముందున్న అంకె కొట్టేయించి మళ్ళీ రాయించాడు. జేబులో అంత లేదు. పెళ్ళికి వచ్చిన అడ్తిదారును పక్కకు పిలిచి నాలుగు వేలు తీసుకున్నాడు. 2025లో మిర్చి ధర ఎలా పడిపోయిందో అందరికీ తెలుసు. రెండు రూపాయల వడ్డీ.

ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. ఏడుస్తూ కాదు, కోపంగానే చెప్పాను. బాపు మీదా, పెద్దాయన మీదా, 13 డాలర్ల మీదా, అన్నిటి మీదా కోపం. ఆయన అంతా విని కంప్యూటర్ తెరిచాడు. అప్పుల పట్టికలో అన్నిటికన్నా పైన కొత్త వరుస చేర్చాడు. "రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం కదా. మనకున్న వాటిలో ఇదే ఎక్కువ. ముందు ఇదే తీర్చాలి" అన్నాడు. పూర్తిగా నిశ్చింతగా. ఆ నిశ్చింత మీద మొదటిసారి చిరాకు రాలేదు.

మర్నాడే పంపాం. బాపు తీసుకోలేదు, ఆ డబ్బు తిరిగి నా హనుమకొండ ఖాతాలోనే వేయించాడు. మూడుసార్లు పంపితే మూడుసార్లూ అంతే. ఏ ఆసుపత్రిలో చోటు దొరికిందో చెప్పే రెసిడెన్సీ ఫలితం మార్చి మూడో శుక్రవారం వస్తుంది. ఇంటర్వ్యూలన్నీ కంప్యూటర్ తెర మీదే కాబట్టి విమానాల ఖర్చయినా తప్పింది. పట్టికలో పై వరుస ఇంకా అలాగే ఉంది. ప్రతి ఒకటో తారీఖున ఆయన దానికి 80 రూపాయలు కలుపుతున్నాడు. ఈ డిసెంబరుకు 4,800.