మగ కెన్యీకి తోడు చేపలు వెతికిన నా అనుభవం

మా బావగారికి విశాఖ ట్రాన్స్‌ఫర్ అయింది, వెళ్తూ వెళ్తూ తన ట్యాంకులో మిగిలిన ఒక్క చేపను మా ఇంట్లో దించి పోయారు. మగ కెన్యీ, ఆఫ్రికాలోని మలావీ సరస్సు రకం సిక్లిడ్ (కొట్లాటకు పేరుపడ్డ చేపల కుటుంబం), పసుపు ఒళ్లు, నాలుగంగుళాలు దాటి ఉంటుంది. "దీంతో ఏదీ బతకదు బామ్మర్దీ, ఒంటరిగానే ఉంచుకో" అన్నారు. నాలుగడుగుల ట్యాంకులో, అంటే దాదాపు 250 లీటర్ల నీళ్లలో, ఒక్క చేపా? ఈ జాతివి సరస్సులో రాళ్ల మధ్య గుంపులుగానే ఉంటాయి, కొట్టుకుంటూనే ఉంటాయి. దెబ్బలు పదిమందికీ పంచబడితే ఎవరూ చావరు, ఒక్కదాని మీదే పడితేనే సమస్య.

ముందు నీళ్లు చూసుకున్నాను. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు పట్టిన బకెట్‌కి తెల్లటి పొర కడుతుంది, టెస్ట్ కిట్‌తో చూస్తే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 8 దగ్గర. హైదరాబాద్‌లో ఇంకో చేప పెంచేవాళ్లు ఈ కాఠిన్యం చూసి తిట్టుకుంటారు గానీ, మలావీ చేపలకు కావాల్సింది అదే, పీహెచ్ 7.8 నుంచి 8.6 వరకు హాయిగా ఉంటాయి. మెత్తటి నీళ్లు కోరుకునేవన్నీ అక్కడే లిస్టులోంచి పోయాయి. తర్వాత తిండి. కెన్యీ రాళ్ల మీది నాచు గీక్కుని తినే రకం, మాంసం ఎక్కువైతే కడుపుబ్బి చస్తుంది. కాబట్టి బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్ర పురుగుల మీద బతికే పెద్ద చేపలు తోడుగా కుదరవు. స్పిరులినా అనే నాచు కలిపిన పెల్లెట్స్‌తో సరిపెట్టుకునేవే కావాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపుకి వెళ్తే, "అన్నా, ఇవన్నీ ఆఫ్రికన్ మిక్సే, ఏం కాదు, ఇవి ఓ నాలుగు, అవి ఓ నాలుగు తీస్కపో" అని వల పట్టుకుని రెడీగా నిలబడ్డాడు. పైగా ప్యారట్ ఫిష్ కూడా వేసుకోమన్నాడు. పాపం దాని నోరు సరిగ్గా మూతపడదు, కరిచేవాడి ముందు అదేం చేస్తుంది?

ఎక్కువమంది ముందుగా చెప్పేది ఎల్లో ల్యాబ్ అనే మలావీ చేప, నెమ్మదైనది కదా అని. కానీ అది కూడా పసుపే! మా మగదానికి పసుపు రంగు కనబడితే ఇంకో మగ వచ్చిందనే అనుకుంటుంది. రెడ్ జీబ్రా అయితే గట్టిదే, నిలబడుతుంది, కాకపోతే కెన్యీకి దగ్గరి చుట్టం, రెండూ కలిసి సంకర పిల్లలు పుడతాయి. ఆ పిల్లల్ని ఏ పేరుతో ఎవరికివ్వాలి? రెండూ వద్దనుకున్నాను.

చివరికి తేలినవి ఏసీ అనే ఇంకో మలావీ చేప, సైనోడాంటిస్ అనే క్యాట్‌ఫిష్. ఏసీది ఊదా ఒళ్లు, పసుపు తోక, ఎక్కువగా పై నీళ్లలో తిరుగుతుంది కాబట్టి రాళ్ల కోసం పోటీకి రాదు. ఆ క్యాట్‌ఫిష్‌లో టాంగన్యీకా అనే ఇంకో ఆఫ్రికా సరస్సు పెట్రికోలా రకం అడిగి మరీ తెచ్చుకున్నాను, పగలంతా రాయి కింద నక్కి ఉంటుంది. కుక్కూ అనే దాని చుట్టం కూడా షాపుల్లో దొరుకుతుంది, చూడ్డానికి ఇంకా అందంగా ఉంటుంది. అయితే కెన్యీలాగా నోట్లో గుడ్లు పొదిగే చేపల గుడ్లలో తన గుడ్లు కలిపేస్తుంది, పుట్టిన దాని పిల్లలు అసలు పిల్లల్ని తినేస్తాయి. నాకు ఆ టెన్షన్ వద్దు. వీటితో పాటు ఆడ కెన్యీలు. అవి నీలంగా ఉంటాయి, చిన్న మగవి కూడా నీలంగానే ఉంటాయి, అందుకే పెద్ద సైజులో ఇంకా నీలంగా ఉన్నవాటినే ఏరుకున్నాను.

ఇవన్నీ ఒకే షాపులో దొరకలేదు, ఏసీ కోసమైతే ఊరంతా తిరిగాను. తెచ్చినవాటిని స్పాంజ్ ఫిల్టర్ పెట్టిన టబ్బులో రెండు వారాలకు పైనే విడిగా ఉంచి, తెల్ల మచ్చల రోగం లేదని చూశాక అసలు పని మొదలుపెట్టాను. మగదాన్ని తీసి ఇంకో టబ్బులో వేసి, ట్యాంకులోని రాళ్లన్నీ పీకేశాను. గ్రానైట్ ముక్కలకు మన ఊళ్లో కొదవా? నీటి గుణం మార్చవు కూడా. అడుగున థర్మోకోల్ షీట్ వేసి, రాళ్లు దానిమీద నిలబెట్టి, ఇసుక ఆ తర్వాత పోశాను. ఇవి తవ్వే రకం, ఇసుక మీద రాయి పెడితే ఒకరోజు కూలి అద్దం పగులుతుంది. గూళ్లు ఎక్కువ పెట్టి, ఒక మూల నుంచి ఇంకో మూలకి చూపు ఆనకుండా అడ్డం పేర్చాను. కొత్తవన్నీ ఒకేసారి, లైట్లు ఆపి దింపాను. మగదాన్ని రెండ్రోజులు ఆగి తిరిగి వేశాను, అప్పటికి ట్యాంకులో అదే కొత్తది.

తరమడం ఆగలేదు, ఆగదు కూడా. నేను చూసేది తరమడాన్ని కాదు. తోక చిరిగి, రెక్కలు ముడుచుకుని, పైన ఫిల్టర్ పైపు పక్కనే నిలిచిపోయే చేప ఏదైనా ఉందా అని. మొదటి వారం ఒక ఆడది అలా కనబడింది, వల డబ్బాలో కొన్నాళ్లు ఉంచి వదిలితే సర్దుకుంది. గుంపు ఎక్కువ కాబట్టి వారానికోసారి మూడోవంతు నీళ్లు మారుస్తాను. మున్సిపల్ నీళ్లు కలిపిన రోజు మాత్రం క్లోరిన్ పోగొట్టే మందు తప్పనిసరి.

ఇప్పుడు ఒక ఆడ కెన్యీ నోరు ఉబ్బి, తిండి ముట్టడం లేదు, గుడ్లు పట్టుకుంది. మూడు వారాల్లో పిల్లల్ని వదులుతుంది. వాటిలో మగవి పసుపు తిరిగేలోపు ఎవరికివ్వాలో ఇప్పటినుంచే అడుగుతున్నాను. ఈ ట్యాంకులో రెండో మగదానికి చోటు లేదు. బావగారు విశాఖలో కొత్త ట్యాంకు పెట్టారట, మొదటి ఫోన్ ఆయనకే.