నంబర్ థియరీలో నా మొదటి పేపర్ అచ్చయ్యేదాకా

నంబర్ థియరీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది పోస్ట్‌డాక్ గురించి, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం గురించి. దానికంటే ముందు మొదటి పేపర్ ఎలా బయటికొస్తుందో చెప్పాలనిపిస్తుంది నాకు.

నా థీసిస్ అంకశ్రేఢుల్లో, అంటే ఒకే తేడాతో సాగే సంఖ్యల వరుసల్లో, వచ్చే ప్రధాన సంఖ్యల మీద. పారీ అనే గణిత సాఫ్ట్‌వేర్ తెరిచి లెక్కలు వేస్తే ఫలితం నిజమే అనిపించింది. మా గైడ్ ఆ పట్టికలు పక్కన పెట్టి ప్రూఫ్ ఏదని అడిగారు. ప్రధాన సంఖ్యలతో ముడిపడిన మెర్టెన్స్ ఊహ కూడా లెక్కవేసిన మేరకు నిజంగానే కనిపించింది. 1985లో ఒడ్లిజ్కో, టె రీలే అనే గణితజ్ఞులు అది తప్పని నిరూపించారు. అందుకే ఏం నిరూపించాలో ఊహించుకోవడానికే పట్టికలు వాడుకున్నాను.

ప్రూఫ్ పూర్తయ్యాక పేపర్‌ను ఆర్కైవ్‌లో (అచ్చుకు ముందే పేపర్లను అందరికీ అందుబాటులో ఉంచే arXiv సైటులో) పెట్టి, జర్నల్‌కు పంపాను. తర్వాత చాలా నెలలు ఏ కబురూ లేదు. మా దగ్గర ఇది మామూలే. జర్నల్ తరఫున పేపర్‌ను పరిశీలించే రిఫరీ తన పనులు చూసుకుంటూనే ప్రతి లెమ్మానూ (ప్రూఫ్‌లోని చిన్న మెట్టునూ) సరిచూడాలి, అదీ పైసా తీసుకోకుండా. కానీ పోస్ట్‌డాక్ గడువులు ఆగవు కదా, బాగా టెన్షన్ పడ్డాను. దరఖాస్తులో ‘పరిశీలనలో ఉంది’ అని రాసి ఆర్కైవ్ లింకు ఇచ్చాను. సిఫారసు లేఖ గైడ్‌తో పాటు, సెమినార్‌లో నా టాక్ విని గట్టి ప్రశ్నలు వేసిన ఒక ప్రొఫెసర్‌ను కూడా అడిగాను. ఆవిడ పేపర్ మొత్తం చదివాకే రాశారు. అలాంటి లేఖ ఒక్కటైనా ఉండి తీరాలి.

ఎట్టకేలకు రిఫరీ రిపోర్టు వచ్చింది. అందులో ఒక ప్రశ్న నన్ను వారాల తరబడి పట్టుకుంది: మీ సిద్ధాంతంలోని ఈ స్థిరాంకాలు ఎఫెక్టివేనా, అంటే విలువ లెక్కకట్టగలమా? నేను వాడింది సీగెల్–వాల్ఫిస్ సిద్ధాంతం; అంకశ్రేఢుల్లో ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉంటాయో అంచనా వేసేది అదే. దాని వేరు 1935 నాటి సీగెల్ ఫలితంలో ఉంది. అలాంటి స్థిరాంకం ఒకటుందని ఆ ప్రూఫ్ చూపిస్తుంది గానీ ఎంతో చెప్పదు. ఈ ప్రధాన సంఖ్యల లెక్కలో వాడే ఎల్-ఫంక్షన్లలో ఒకదానికి 1కి మరీ దగ్గరగా శూన్యం (ఫంక్షన్ విలువ సున్నా అయ్యే చోటు) ఉండే అవకాశాన్ని ఇప్పటికీ ఎవరూ కొట్టిపారేయలేకపోవడమే కారణం. అందుకని నా సిద్ధాంతాన్ని రెండుగా విడగొట్టాను. మొదటిది పెద్ద మాడ్యులస్‌లకూ (అంకశ్రేఢిలోని తేడాలకూ) పనిచేస్తుంది, స్థిరాంకం మాత్రం తెలియదు. రెండోదాని పరిధి చిన్నది, కానీ అందులో ప్రతి స్థిరాంకమూ లెక్కకు అందుతుంది. పేపర్ నిజంగా మెరుగుపడింది. పేరు తెలియని ఆ రిఫరీకి కృతజ్ఞతలు మనస్ఫూర్తిగా రాశాను.

అంగీకార లేఖ నేను పోస్ట్‌డాక్‌లో చేరాక వచ్చింది. రెండో సిద్ధాంతం పరిధిని ఎంతవరకు పెంచవచ్చన్నదే ఇప్పుడు నేను చేస్తున్న పని.