మూడు, మూడు, రెండు

మా సంగీత కళాశాలలో శనివారం మధ్యాహ్నాలంటే సిలబస్‌లో లేని పాఠాలే. వయొలిన్ మాస్టారు టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని వచ్చేవారు. హంగరీ స్వరకర్త బేలా బార్టోక్ 'రుమేనియన్ జానపద నృత్యాలు' నేను మొదట విన్నది ఆ గదిలోనే. ఆరు చిన్న ముక్కలు, అన్నీ కలిపినా ఏడెనిమిది నిమిషాలు దాటవు.

పాటలు రికార్డు చేసుకోడానికి మైనపు సిలిండర్ల ఫోనోగ్రాఫ్ మోసుకుంటూ పల్లెలు తిరిగిన మనిషి బార్టోక్. ఇవి అప్పట్లో హంగరీలో ఉన్న ట్రాన్సిల్వేనియా వైపు జిప్సీ ఫిడేలు వాయిద్యగాళ్ళ దగ్గరా, రైతుల దగ్గరా దొరికిన బాణీలు. 1915లో పియానోకి రాసి, 1917లో చిన్న ఆర్కెస్ట్రాకి మార్చాడు. పేరులో మొదట 'హంగరీలోని' అన్న ముక్క కూడా ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఆ ప్రాంతం రుమేనియాకి పోయింది, పేరులోంచి ఆ ముక్కా పోయింది.

మూడో నృత్యం రాగానే మాస్టారు చెయ్యెత్తేవారు. కింద తీగవాద్యాలు దాదాపు కదలవు, పైన పికోలో అనే చిన్న పిల్లనగ్రోవి ఒక్కటే సన్నగా పాడుతుంది. "తంబురా పెట్టుకుని పాడుతున్నట్టు లేదుట్రా?" అనేవారు. మాకైతే సింహేంద్రమధ్యమం రాగం ఛాయ తగిలింది. ఈ బాణీనే వయొలిన్‌కి మార్చినప్పుడు తీగని ఒక వేలితో నొక్కి, ఇంకో వేలు ఊరికే ఆనించి వాయించాలి. ఆయన వాయించి చూపించారు. గమకాలు మరిగిన మా వేళ్ళకి ఆ తేలికదనం ఓ పట్టాన వచ్చేది కాదు.

ఐదోదానికి తాళం వెయ్యమన్నారు. ఎనిమిది దెబ్బలే కదా అని అందరం నాలుగు, రెండు, రెండుగా సాగే ఆదితాళం అందుకున్నాం. దెబ్బలు కలిస్తేగా! మూడు, మూడు, రెండు. వెనక బెంచీ మీద కొట్టి చూపించింది మృదంగం కుర్రాడు. తప్పెటగుళ్ళు వింటూ పెరిగినవాడు మరి.

బార్టోక్ ఇక్కడ పాట జోలికి పెద్దగా పోలేదు, దాని కింద నేల, అంటే తోడు వాద్యాలు వాయించేది, మార్చాడంతే. జానపదమనగానే కోరస్‌లూ కీబోర్డులూ దట్టించి 'మెరుగులు' దిద్దేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు వార్షికోత్సవానికి మా బ్యాచ్ ఒక నాట్లపాటని వాద్యబృందానికి కూర్చింది. పాట వరుసని తిప్పి తిప్పి మేం పేర్చిన సంగతులన్నీ మాస్టారు పెన్సిల్‌తో కొట్టేసి, వేణువుకి పాట, వీణకి శ్రుతి, ఘటానికి అడుగుల దెబ్బ మాత్రం మిగిల్చారు. రిహార్సల్‌లో మూడు నిమిషాలకే అయిపోయింది. గుమ్మంలో నిలబడి వింటున్న హాస్టల్ వంటమ్మ, "ఇంకా సరణాలున్నాయి బాబూ" అని మిగతాది తనే అందుకుంది. మాస్టారు ఘటం అబ్బాయికి సైగ చేశారు.