సైరంగ్ నుంచి టియావ్ వంతెన దాకా

మిజోరంలోని సైరంగ్ స్టేషన్‌లో రైలు దిగిన బయటి ప్రయాణికుడు ముందుగా నిలబడవలసింది ఇన్నర్ లైన్ పర్మిట్ వరుసలో, అంటే బయటి రాష్ట్రాలవారు ఇక్కడ అడుగుపెట్టడానికి తీసుకోవలసిన అనుమతి కోసం. 2025 సెప్టెంబరులో బైరాబీ నుంచి సైరంగ్ వరకు 51 కిలోమీటర్ల కొత్త మార్గం ప్రారంభమయ్యాకే రైలు రాష్ట్ర రాజధాని ఐజాల్ ముంగిటిదాకా వచ్చింది. నలభైకి పైగా సొరంగాలు దాటుకుంటూ వచ్చిన ప్రయాణం ఎంత హాయిగా సాగిందో, ఆ వరుస అంత విసుగు పుట్టించింది. పైగా అక్కడినుంచి ఐజాల్ కొండ ఎక్కించడానికి టాక్సీవాళ్లు అడిగిన కిరాయి, గౌహతి నుంచి సైరంగ్ దాకా నేను కొన్న రైలు టికెట్టు కన్నా ఎక్కువ.

నా ముందు నిలబడ్డ వ్యాపారి ఒకాయన, సొంత దేశంలో తిరగడానికి ఈ అనుమతి ఏమిటని గట్టిగానే అన్నాడు. ఆ మాటకు తల ఊపబుద్ధి కాలేదు. 1873లో బ్రిటిష్ ప్రభుత్వం తన అవసరాల కోసం గీసిన గీత అది, నిజమే. కాని 2011 లెక్కల ప్రకారం పదకొండు లక్షల జనాభా కూడా లేని రాష్ట్రం తన భూమినీ కొలువులనూ కాపాడుకోవడానికి ఆ గీతను పట్టుకుని ఉండడాన్ని తెలుగువాళ్లం తప్పు పట్టలేము. ముల్కీ నిబంధనల కోసం వీధుల్లోకి వచ్చిన జిల్లాల నుంచి వచ్చినవాణ్ణి నేను. 371డి అధికరణం కింద స్థానికతను రుజువు చేసుకుని కాలేజీ సీటుకూ ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టుకున్న తరం మాది. మిజోలకు అదే వరుసలో 371జి ఉంది. వారి మత, సామాజిక ఆచారాలకు, ఆచార చట్టాలకు, భూమి యాజమాన్యానికి సంబంధించి పార్లమెంటు చేసే ఏ చట్టమైనా మిజోరం శాసనసభ తీర్మానిస్తే తప్ప అక్కడ వర్తించదు.

ఐజాల్ గురించి ఎక్కువ చెప్పను. వెళ్లిన మర్నాడు ఆదివారం కావడంతో ఊరంతా చర్చిలో ఉంది, టీ కొట్టు ఒక్కటి కూడా తెరవలేదు. అక్కడినుంచి మయన్మార్ సరిహద్దు దగ్గరి చంఫాయ్‌కి సుమోలో చేసిన ప్రయాణం గురించే రాయాలనిపించింది.

దూరం రెండు వందల కిలోమీటర్లకు లోపే అయినా రోజంతా పడుతుంది. ముందు సీటుకు అదనంగా ఇస్తానన్నా కౌంటరులోని అమ్మాయి ఒప్పుకోలేదు. ముందు రాసుకున్నవారికే ముందు సీటు. మధ్య వరుసలో నలుగురం ఇరుక్కుని కూర్చున్నాం. నా పక్కన చంఫాయ్ దగ్గరి ఊరివాడైన రిటైర్డ్ బడిపంతులు ఉన్నారు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, ఇంగ్లీషు స్పష్టంగా, నెమ్మదిగా మాట్లాడతారు. కైఫాంగ్ దాటాక ఒక హోటల్ దగ్గర బండి ఆగింది. పొగ పట్టించిన పంది మాంసం, నూనె చుక్క లేకుండా ఉడికించిన ఆకుకూర, పచ్చిమిరపకాయ నూరిన పచ్చడి, అన్నం. ఆకుకూర నోట్లో పెట్టుకోగానే నాలుకకు తెలిసిన పులుపు తగిలింది. అడిగితే వంటగదిలోంచి కట్ట తెచ్చి చూపించారు: గోంగూర! మా ఇంట్లో పండుమిరపకాయతో నూరి, నూనెలో ముంచి, ఏడాదికి సరిపడా జాడీకెత్తే ఆకు ఇక్కడ ఉప్పునీళ్లలో ఉడికి ఇంత సాత్వికంగా ఉంటుందని ఎన్నడూ ఊహించలేదు. రెండోసారి పెట్టించుకున్నాను.

ఆ భోజనం దగ్గరే మాస్టారు తన చిన్నతనం చెప్పడం మొదలుపెట్టారు. 1959 ప్రాంతంలో వెదురు పూసి, ఆ గింజలు తిని ఎలుకలు లెక్కకు మించి పెరిగి, పంటలన్నీ ఊడ్చుకుపోయాయి. అప్పట్లో ఈ కొండలను పాలించిన అస్సాం ప్రభుత్వం ఆ కరువును పట్టించుకోలేదు. కరువు సహాయానికి పుట్టిన సంఘమే 1961లో లాల్‌డెంగా నాయకత్వాన మిజో నేషనల్ ఫ్రంట్ అయి, 1966 మార్చి 1న స్వాతంత్ర్యం ప్రకటించింది. అదే నెల 5, 6 తేదీల్లో మన వైమానిక దళం ఐజాల్ మీద బాంబులు వేసింది. ఏడాది తిరగకముందే పల్లెలను ఖాళీ చేయించి, ఇళ్లు తగలబెట్టి, జనాన్ని రోడ్డు పక్కన కాపలా ఉన్న శిబిరాల్లాంటి ఊళ్లలోకి చేర్చడం మొదలైంది. మాస్టారి ఇంటి గాదె వడ్లతో సహా కాలిపోయింది. సుమోలో తక్కినవాళ్లు నిద్రపోతుండగా ఆయన ఇదంతా గొంతు పెంచకుండా చెప్పారు. నా బడిలో చదివిన చరిత్ర పుస్తకాలలో ఈ బాంబుల గురించి ఒక్క వాక్యం కూడా లేనందుకు, ఆ మనిషి పక్కన కూర్చుని నేను నిజంగా బాధపడ్డాను.

అంత జరిగాక ఈ నేల మనుషులు ఢిల్లీని ఎలా నమ్మారని అడిగాను. ఇచ్చిన మాట నిలుపుకున్నారు, మేమూ నిలుపుకున్నాం అన్నారు మాస్టారు. 1986 జూన్ 30న కేంద్రానికీ మిజో నేషనల్ ఫ్రంట్‌కూ మధ్య ఒప్పందం కుదిరింది. లాల్‌డెంగా కోసం అప్పటి కాంగ్రెస్ ముఖ్యమంత్రి లాల్ థన్‌హావ్లా కుర్చీ దిగారు. అడవిలోంచి వచ్చి తుపాకులు అప్పగించినవారు ఎన్నికలకు నిలబడ్డారు. 1987 ఫిబ్రవరి 20న మిజోరం దేశంలో ఇరవై మూడో రాష్ట్రం అయింది. ఈశాన్యంలో ఎన్నో ఒప్పందాలు కాగితం మీదే మిగిలిపోగా, ఇది మాత్రం నలభై ఏళ్లుగా నిలబడింది. మన దేశం గర్వంగా చెప్పుకోవలసిన రాజకీయ విజయాల్లో దీన్ని ముందు వరుసలో పెడతాను.

చంఫాయ్ వరి మైదానం దాటి జోఖావ్‌థార్ చేరేటప్పటికి ఆ నమ్మకానికి కొత్త పరీక్ష కనిపించింది. టియావ్ ఏటికి అవతల మయన్మార్, యివతల మనం. రెండు గట్ల మీదా ఒకే జాతి, ఒకే చర్చి. చనిపోయినవారి ఆత్మలు దాటి వెళ్తాయని మిజోలు పూర్వం నమ్మిన రీ దిల్ సరస్సు కూడా అవతలి దేశంలోనే ఉంది. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం అధికారం లాక్కున్న తరువాత ముప్పై వేలకు పైగా చిన్ ప్రజలు మిజోరంలోకి వచ్చారు. వారిని రానీయవద్దని కేంద్రం చెప్పింది. అవతల ఉన్నది మా రక్తమని ఐజాల్ జవాబిచ్చి, చర్చిల సాయంతో, యంగ్ మిజో అసోసియేషన్ సాయంతో అన్నం పెట్టింది. మాస్టారి యింట్లోనూ అవతలి చెల్లెలి మనవలు ఇద్దరు ఉండి యిక్కడి బడిలో చదువుకుంటున్నారు.

గతంలో సరిహద్దుకు పదహారు కిలోమీటర్ల వరకు రెండు వైపులవారూ వీసా లేకుండా తిరిగేవారు. దాన్ని రద్దు చేసి కంచె కడతామని 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటిస్తే, ఆ నెలలోనే మిజోరం శాసనసభ వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. ఆ ఏడాది చివరికి పాస్ పద్ధతి వచ్చింది: పాస్ తీసుకుని పది కిలోమీటర్ల వరకే వెళ్లవచ్చు, ఏడు రోజులే ఉండవచ్చు. ఆయుధాలూ మత్తుమందులూ ఈ దారినే వస్తాయన్న కేంద్రం భయం ఉత్తది కాదు, ఆ సంగతి మాస్టారే ఒప్పుకున్నారు. అయినా, గాదె కాల్చిన ప్రభుత్వాన్ని కూడా క్షమించి తనదిగా చేసుకున్న మనిషితో ఒక్క మాటైనా అనకుండా, ఆయన తోబుట్టువును చూడడానికి వెళ్లే దూరం కొలత మార్చేశారన్నది నాకు మింగుడుపడలేదు. ఆయన చెల్లెలి ఊరు వంతెనకు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది.