నిన్నటి పొగ, ఇవాళ్టి రక్తం

కోవూరు (నెల్లూరు జిల్లా), ఏప్రిల్, మంగళవారం.

పొద్దున దండెం మీద తెల్ల పంచె నిండా నల్లటి మసి రేకులు. వేలు తగిలితే చాలు, గీతలా సాగుతున్నాయి. నిన్న సాయంత్రం బుచ్చిరెడ్డిపాళెం వైపు కయ్యల్లో వరి కోశాక మిగిలిన కొయ్యకాళ్లు తగలబెట్టారు. మిషన్ కోసి వదిలిన గడ్డి ఎత్తించాలంటే కూలి ఎక్కువ, ఎడగారుకు, అంటే రెండో పంటకు, దున్నే గడువు తక్కువ. రైతు ఇబ్బంది నిజమే. ఆ పొగ చేసే పనీ నిజమే.

పంచె మీద పడిన రేకు ఊపిరితిత్తుల దాకా పోదు, ముక్కులోనే ఆగిపోతుంది. లోతుకు దిగేది కంటికి ఆనని నుసి. 2.5 మైక్రాన్ల కన్నా సన్నం, అంటే తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో ఇంకా తక్కువో. చివరి గాలి గదుల్లో కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగుతాయి. అది క్రిమి కాదు, మసి కాబట్టి అరిగించుకోలేవు. దాంతో ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి హెచ్చరిక రసాయనాలను వదులుతాయి. అవి రక్తంలో కాలేయానికి చేరితే అక్కడ సీఆర్‌పీ (ఒంటి లోపలి వాపును చూపే ప్రోటీన్), ఫైబ్రినోజెన్ తయారీ పెరుగుతుంది. ఫైబ్రినోజెన్ ఎక్కువైతే రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. పొగ రోజుల్లో గుండెజబ్బు వాళ్ళకు ముప్పు పెరగడానికి ఇదొక కారణం.

ఇదంతా అప్పటికప్పుడు జరగదు. వాపు మొదలయ్యాక సీఆర్‌పీ ఆరేడు గంటలకు కదిలి, రెండు రోజులకు బాగా పెరుగుతుంది. కారణం పోయాక సగానికి తగ్గాలంటే సుమారు 19 గంటలు. కాబట్టి ఇవాళ ఆయాసం వస్తే నిన్నా మొన్నా ఏం పీల్చామో అడగాలి. ఆరోగ్యవంతుల్లో ఈ పెరుగుదల చిన్నది, కొందరిలో తేడాయే కనపడదు. పొగ రోజుల తర్వాత గుండె కోసం హెచ్‌ఎస్-సీఆర్‌పీ (సీఆర్‌పీ కొంచెమున్నా పట్టే రక్తపరీక్ష) చేయిస్తే, ఆ ఒక్క రిపోర్టు చూసి బెంగపడకుండా రెండు వారాలాగి మళ్ళీ చేయించాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందంటే ముందు జ్వరం, పంటి చిగుళ్ళ వాపు లాంటివి వెతకాలి.

తగలబెట్టే వేళే అసలు చేటు. మధ్యాహ్నమైతే నేల వేడికి గాలి పైకి లేస్తుంది, సముద్రపు గాలీ తోడై పొగను చెదరగొడుతుంది. పొద్దు గూకాక నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ తెల్లారి ఎనిమిది, తొమ్మిది దాకా ఇళ్ళ ఎత్తులోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే వాకింగ్‌కు పోతారు. కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు లీటర్ల గాలి పీలిస్తే, వేగంగా నడిచేవాడు దానికి మూడు నాలుగు రెట్లు పీలుస్తాడు. ఇలాంటి పొద్దుల్లో నడక సాయంత్రం నాలుగింటికి మార్చుకోవడం మేలు.

తడి తుండుగుడ్డ దుమ్మును ఆపుతుంది, ఈ నుసిని ఆపలేదు. ఎన్95 మాస్కు ఆపుతుంది, కానీ ముక్కు మీది తీగను నొక్కి, గడ్డం తీసేసి, రెండు పట్టీలూ తలకు బిగిస్తేనే. చెంపల పక్క నుంచి గాలి కొడితే పెట్టుకున్నా లేనట్టే. బెల్లం తింటే పొగ కడుక్కుపోతుందనే నమ్మకం ఒకటుంది. ఆ ముక్క పోయేది పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి కాదు.

ఇంకో తప్పు ఇంటింటా జరిగేదే: పొగకని కిటికీలన్నీ మూసి, దోమలకని కాయిల్ వెలిగిస్తారు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో ఒక్క కాయిల్ వదిలే సన్నని నుసి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని తేలింది. మూసిన గదిలో అది బయటి పొగ కన్నా ఎక్కువైపోవచ్చు. దోమతెర కట్టుకోవాలి, అంతే.

మన దేశంలో ఈ నుసికి 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 15. ఫోన్‌లో గాలి నాణ్యత రంగు పచ్చగా ఉందని ఊరుకోకూడదు, దాన్ని కొలిచే యంత్రం ఎక్కడో దూరాన ఉండొచ్చు. వాసన వస్తోందంటే పొగ ఇక్కడికి చేరినట్టే.

రాత్రి ఎనిమిదిన్నర. పడమటి కయ్యల మీద మళ్ళీ ఎర్రటి వెలుగు. ఆ వైపు కిటికీలు రెండూ మూసి, ఆస్తమా ఉన్న పెద్దావిడ ఇన్‌హేలర్ మంచం పక్కకు తెచ్చి, దోమతెర దించాం.