పడుకున్న మనిషిని లేపడం

"నా నిద్రకు కాపలా కాయమని నీకు జీతం ఇవ్వడం లేదు."

కెప్టెన్ ఈ మాట అన్నప్పుడు బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, నలుగురం ఉన్నాం. ఆయన, నేను, వాచ్ (ఓడ నడిపే డ్యూటీ) నాకు అప్పగించి కిందికి దిగబోతున్న థర్డ్ ఆఫీసర్, బైనాక్యులర్ పట్టుకుని ఏమీ విననట్టు నిలబడ్డ ఫిలిప్పీన్స్ సీమన్. ఆయన గొంతు కూడా పెంచలేదు. అందుకే ఇంకా మండింది.

జరిగింది చిన్న విషయమే. సింగపూర్ దాటి కొరియా వైపు పోతున్నాం. ఆయిల్ ట్యాంకర్. సెకండ్ ఆఫీసర్‌ని కాబట్టి రాత్రీ పగలూ పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్ నాది. వియత్నాం తీరానికి ఎదురుగా ఎటు చూసినా చేపల పడవలే, దీపావళి రాత్రి మా మేడ మీద నుంచి మల్కాజ్‌గిరిని చూసినట్టు. ఎర్ర దీపం, దాని కింద తెల్ల దీపం కనిపిస్తే వల వేసి ఉన్న పడవ అని అర్థం. దారి మనమే ఇవ్వాలి. అలాంటిదొకటి దగ్గరగా వస్తుంటే ఓడను కుడికి తిప్పి, అది దాటిపోయాక మళ్ళీ దారిలో పెట్టాను. అంతే. కానీ "ఏ పడవైనా మైలు కంటే దగ్గరగా వచ్చేలా ఉంటే వెంటనే నన్ను లేపాలి" అని కెప్టెన్ రాసిపెట్టిన ఆర్డర్ కింద నా సంతకం ఉంది. సముద్రపు మైలు అంటే 1,852 మీటర్లు. ఆ పడవ అందులో సగం దూరంలోకి వచ్చింది. నేను లేపలేదు. మర్నాడు మధ్యాహ్నం స్క్రీన్ మీద మా దారి గీతలో వంకర చూసి, ఇదేంటి అని అడిగాడు.

"మీరు పడుకున్నారు కదా సార్" అన్నాను.

తెలుగులో ఈ మాట ఎంత సబబుగా ఉందో చూడండి. ఇంగ్లిష్‌లో అన్నాక నాకే పిచ్చిమాటలా వినిపించింది. "నేను పడుకున్నానని నాకూ తెలుసు" అన్నాడు. ఆ తర్వాతే జీతం మాట.

నాకు తెలిసిన న్యాయం ఇది. అంతకుముందు సింగపూర్ జలసంధిలో ఆ మనిషి గంటల తరబడి బ్రిడ్జి మీద నిలబడే ఉన్నాడు. రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ నిబంధన, కానీ అది కాగితం మీద ఉన్నంత సుఖంగా ఓడ మీద ఉండదు. అప్పుడే కన్ను మూసిన మనిషిని, అదీ పెద్దాయనని, నా చేతిలో అయ్యే పనికి ఎలా లేపుతాం? మా నాన్న సికింద్రాబాద్‌లో లోకో పైలట్. నైట్ డ్యూటీ దిగి పొద్దున పడుకుంటే మా ఇంట్లో కుక్కర్ విజిల్ కూడా వినిపించకూడదు. గ్యాస్ బండ అబ్బాయి వస్తే అమ్మ గేటు దగ్గరే ఆపేసేది. నేనూ తమ్ముడూ కొట్టుకున్నా మూగగా కొట్టుకునేవాళ్ళం. పడుకున్న మనిషిని లేపితే పాపం అని విని పెరిగినదాన్ని. క్రొయేషియాలో పుట్టిన ఆయనకు ఇదేం తెలుస్తుంది?

ఇంకోటి. నలుగురి ముందు అంత మాట అన్న మనిషి, ఆ రాత్రి భోజనం దగ్గర "కాస్త ఆ సాస్ ఇటు ఇస్తావా" అన్నాడు, ఏమీ జరగనట్టు. మన దగ్గర తిట్టడానికి ఒక పద్ధతి ఉంటుంది. తిట్టినవాళ్ళే సాయంత్రానికి ఏదో ఒక వంకతో పలకరిస్తారు, "తిన్నావా" అని అడుగుతారు. అడగకపోతే ఇంకా కోపం పోలేదని అర్థం. ఈయన తిట్టాడు, సాస్ అడిగాడు. దీన్ని ఏ లెక్కలో వేసుకోవాలి? సాస్ ఇచ్చాను. రెండు రోజులు ముఖం ముడుచుకునే తిరిగాను, ఆయన గమనించను కూడా లేదు. అలిగితే కనిపెట్టేవాళ్ళు లేని చోట అలగడమంత దండగ ఇంకోటి లేదు.

మూడో రోజు నెట్ దొరికితే నాన్నకు ఫోన్ చేశాను. నాకు కావలసింది ఒకటే, "వాడికేం తెలుసమ్మా" అనే మాట. మొత్తం విన్నాడు.

"కాల్ బాయ్ గుర్తున్నాడా?" అన్నాడు.

గుర్తున్నాడు. నాన్నను డ్యూటీకి పిలవడానికి సైకిల్ మీద రిజిస్టర్ పట్టుకుని వచ్చి, అర్ధరాత్రయినా సరే తలుపు బాదేవాడు. నాన్న కళ్ళు నులుముకుంటూ సంతకం పెట్టి తయారై వెళ్ళేవాడు. అమ్మ అతన్ని ఏనాడూ గేటు దగ్గర ఆపలేదు. చలికాలం టీ కూడా ఇచ్చేది.

"పాపం ఈయన పడుకున్నాడులే అని వాడు వెనక్కి పోయుంటే బండి ఎవడు నడుపుతాడు?" అన్నాడు నాన్న.

మన పద్ధతి, మన సంస్కారం అని రెండు రోజులుగా కట్టుకున్న గోడ అక్కడితో కూలింది. నిజానికి లేపకపోవడానికి కారణం అది కాదని నాకు ఆ రాత్రే తెలుసు. రిసీవర్ మీద చెయ్యి పెట్టి మరీ తీసేశాను. తెల్లారి మెస్‌లో "అమ్మాయి చేపల పడవని చూసి భయపడి కెప్టెన్‌ని లేపింది" అంటారని. అందులో సగం, రాత్రి రెండింటికి ఒక మగమనిషి గదికి ఫోన్ చేయడమేమిటి అనే పిచ్చి కూడా ఉంది. ఆ సగం ఎవరికీ చెప్పలేదు, నాన్నకైతే అసలు చెప్పలేదు.

మా ఓడ మీద ఇరవై రెండు మందిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. 2021లో ఓడల సంఘాలు వేసిన లెక్కలో ప్రపంచమంతా కలిపితే ఓడల మీద పనిచేసే ఆడవాళ్ళు 24,059 మంది, వందకు ఒకరు, ఆపైన చిల్లర. నేను ఈ కోర్సులో చేరతానన్నప్పుడు హైదరాబాద్ పిల్లకి సముద్రమేంటి, హుస్సేన్ సాగర్ చాలదా అని మేనత్త నవ్వింది. 2018లో తారిణి అనే తెరచాప పడవ మీద ఆరుగురు నేవీ ఆఫీసర్లు, అందరూ ఆడవాళ్ళే, 254 రోజుల్లో భూమి చుట్టి గోవాకు తిరిగొచ్చారు. వాళ్ళలో ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాదే. నాన్న ఆ పేపర్ ముక్క పర్సులో పెట్టుకుని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించేవాడు. ఇంత చేశాక నేను భయపడ్డాననిపించుకోవడమా?

క్యాడెట్‌గా ఉన్నప్పటి నుంచి నా ఫోన్లో ఒక ఫొటో ఉంది. కెప్టెన్ రాధికా మేనన్. కేరళలోని కొడుంగల్లూరు ఆవిడది. రేడియో ఆఫీసర్‌గా మొదలుపెట్టి, మన దేశపు మర్చంట్ నేవీలో కెప్టెన్ అయిన మొదటి మహిళ. 2015 జూన్‌లో కాకినాడ నుంచి బయల్దేరిన దుర్గమ్మ అనే చేపల పడవ ఇంజన్ చెడి, లంగరు తెగి ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర కొట్టుకుపోతోంది. తిండి, నీళ్ళు అలలకు పోతే, చేపల కోసం పెట్టుకున్న ఐసు తిని బతికారు ఏడుగురు. అందులో పదిహేనేళ్ళ పిల్లాడు ఒకడు. పాతిక అడుగులు దాటిన అలలు, హోరుగాలి. ఆవిడ తన ట్యాంకర్ సంపూర్ణ స్వరాజ్యను దగ్గరకు తెచ్చి, తాడు నిచ్చెన వేయించి, ఏడుగురినీ పైకి ఎక్కించింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సాహస పురస్కారం ఇచ్చింది. ఒక మహిళకు అది దక్కడం అదే మొదటిసారి. మా అమ్మది కాకినాడే కాబట్టి ఈ కథ మా ఇంట్లో మా సొంత కథలా చెప్పుకుంటాం.

ఎన్నిసార్లు చదివినా కెప్టెన్‌నే చూశాను. ఆ పడవను మొదట కనిపెట్టింది ఆ ఓడ సెకండ్ ఆఫీసర్. రెండున్నర కిలోమీటర్ల దూరంలో, ఆ వానలో. కనిపెట్టి చెప్పాడు. చెప్పడం అనేది కూడా ఒక పని అని నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆ కాంట్రాక్ట్‌లో ఆ తర్వాత నాలుగుసార్లు లేపాను. మొదటిసారి చెయ్యి వణికింది. ఆయన నిక్కరు, చెప్పులతో పైకి వచ్చి, చీకటికి కళ్ళు అలవాటయ్యేదాకా ఆగి, రాడార్ చూసి, "సరే, కానివ్వు" అని వెళ్ళిపోయాడు. మెచ్చుకోలేదు. మెస్‌లో ఎవరూ ఏమీ అనలేదు.

నాలుగోసారి లేపింది ఉత్తి పుణ్యానికే. రాడార్‌లో కనిపించినది పడవ కాదు, వాన మేఘం. ఆయన చూశాడు.

"వాన" అన్నాడు.

"అవును కెప్టెన్."

వెళ్ళిపోతాడనుకున్నాను. కాఫీ ఉందా అని అడిగాడు. అమ్మ పంపిన ఫిల్టర్ పొడితో కలిపి ఇచ్చాను. కిటికీ దగ్గర నిలబడి తాగుతూ, మీది ఏ రేవు అన్నాడు.

"హైదరాబాద్. అక్కడ రేవు లేదు."

"మరి ఇక్కడికెలా వచ్చావు?"

రైల్లో, అనబోయి ఊరుకున్నాను. ఆయన కప్పు కడిగి బోర్లించి, లేపమన్న చోట మళ్ళీ లేపు అని చెప్పి కిందికి దిగిపోయాడు.