నాన్నను స్టేషన్‌కు రమ్మన్నప్పుడు

పోయిన నెల ఒక సాయంత్రం నాన్నకు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. వీధిలో జరిగిన గొడవ మీరు చూశారట, రేపు స్టేషన్‌కు వచ్చి చెప్పండి అన్నారు. నాన్నకు 63 ఏళ్లు. ఏ తప్పూ చేయకపోయినా ఆ రాత్రి టెన్షన్‌తో అన్నం ముట్టలేదు. ఆయన్ని అలా చూస్తే నాకు ఏడుపొచ్చింది.

లాయరుగా పనిచేసే పిన్నికి ఫోన్ చేశాను. "బావగారు వెళ్లక్కర్లేదు, వాళ్లనే రమ్మను" అంది.

పోలీసు దర్యాప్తు, కోర్టు విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన ఈ చట్టంలో 179వ సెక్షన్ ఉంది. సాక్షిని పిలవాలంటే రాతపూర్వకంగా పిలవాలి, ఫోన్‌లో ఒక మాట చెబితే సరిపోదు. 15 ఏళ్లలోపు పిల్లలు, 60 దాటినవాళ్లు, ఆడవాళ్లు, వైకల్యం గానీ తీవ్రమైన జబ్బు గానీ ఉన్నవాళ్లు తాముంటున్న చోటే వివరాలు చెప్పొచ్చు. ఇష్టమైతేనే స్టేషన్‌కు వెళ్లాలి. పాత చట్టంలో ఈ వయసు 65. అదే ఉండుంటే నాన్నకు ఈ రక్షణ దక్కేది కాదు.

మర్నాడు నేనే ఫోన్ చేసి, మర్యాదగా, సెక్షన్ నంబరుతో సహా చెప్పాను. మధ్యాహ్నం ఎస్సై ఇంటికే వచ్చారు. నాన్న చూసింది చూసినట్టు చెప్పారు. ఆయన రాసుకుని సంతకం అడిగారు. దర్యాప్తులో సాక్షి చెప్పినదాని మీద సంతకం తీసుకోకూడదని 181వ సెక్షన్ చెబుతోంది. ఆ మాటే అన్నాను. ఆయన వాదించలేదు.

ఎస్సై వెళ్లాక నాన్న ఆ రెండు సెక్షన్ నంబర్లూ కాగితం మీద రాయించుకుని పక్కింటి అత్తయ్యగారికి ఇచ్చొచ్చారు. ఆవిడకూ అదే ఫోన్ వచ్చిందట.